నాచు పొడి కలిపితే చేప మేత ముట్టలేదు, చివరికి ఇలా సెట్ చేశా

మాది కైకలూరు సైడు, శీలావతి, బొచ్చె చేపల చెరువు. వేరుశనగ చెక్క రేటు చూసి భయమేసి, తమిళనాడు మండపం వైపు నుంచి ఎండు సముద్రపు నాచు తెప్పించా, సర్గాసం అనే గోధుమ రంగు రకం. చెక్క కొంత తీసేసి 100 కిలోల మేతకి 10 కిలోల నాచు పొడి కలిపి ఎప్పట్లాగే చిల్లుల సంచుల్లో నింపి చెరువులో కట్టించా. సాయంత్రం సంచి పైకి లాగితే సగానికి పైన అలాగే ఉంది, చేత్తో నలిపితే ఇసుక కరకరలాడుతోంది, నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు.

మా బావ అన్నాడు, కడక్కుండా ఎలా వేశావురా అని. నిజమే, అసలు తప్పు అక్కడే. తర్వాత నాచుని మంచినీళ్ళలో రెండు సార్లు నానబెట్టి, పిండి, పట్టా మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, మరలో మెత్తగా ఆడించా. 10 కిలోలు కాస్తా 3 కిలోలకి తగ్గించేశా, తీసేసిన చెక్క మళ్ళీ కలిపా, ఎందుకంటే ఈ నాచులో ప్రోటీన్ తక్కువ, బూడిద శాతం (అంటే ఖనిజ లవణాలు) ఎక్కువ, చెక్కకి బదులు అస్సలు కాదండి. ఇంకోటి, పొడిని వేడినీళ్ళలో కలిపితే జిగురొస్తుంది, అందులో ఉండే ఆల్జినేట్ అనే జిగురు పదార్థం వల్ల, దాంతో మేతలోని తవుడు ముద్దగా పట్టుకుని నీళ్ళలో తొందరగా కరిగిపోవట్లేదు. నాకైతే అసలు లాభం ఇదే అనిపించింది.

నాలుగో రోజుకి సంచులు ఖాళీ. కొత్తగా చేసేవాళ్ళు ముందు ఒక్క చెరువులోనే, అదీ 2 కిలోలతో మొదలుపెట్టండి, సంచి రోజూ లాగి చూడండి.