కోతల ముందు అలర్జీ టెస్టుకి వెళ్తున్నారా? మందుల డబ్బా ఓసారి చూసుకోండి

సార్వా కోతలు మొదలయ్యాయంటే మన డెల్టాలో తుమ్ములు, కళ్ళ దురదలు మామూలే. ఆలోపే కాకినాడో రాజమండ్రో వెళ్ళి చర్మం మీద చేసే అలర్జీ టెస్ట్ చేయించుకుందామనుకునేవాళ్ళు ముందు ఇంట్లో మందుల డబ్బా గుమ్మరించండి.

ముంజేతి మీద దుమ్ము పురుగు, పుప్పొడి, రొయ్య లాంటివాటి చుక్కలు పెట్టి సన్నటి మొనతో పొడుస్తారు, పక్కనే ఒక హిస్టమిన్ (అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో పుట్టి దురద, దద్దురు తెప్పించే పదార్థం) చుక్క కూడా. ఇరవై నిమిషాల్లోపు హిస్టమిన్ దగ్గర దద్దురు లేవాలి. లేవలేదంటే ఏదో మందు దాన్ని అణిచేస్తున్నట్టే, అప్పుడు మిగతా చుక్కలు ఏమీ చూపకపోయినా అలర్జీ లేదనడానికి లేదు. డబ్బులు, బస్సు ఛార్జీలు దండగ.

ఆ మందు చాలాసార్లు సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ లాంటి అలర్జీ బిళ్ళల జాతిదే. మాంటెలుకాస్ట్ బిళ్ళ వేసుకుంటూ "అది ఆయాసానికండీ" అంటారు గానీ, మన దగ్గర అమ్మేవాటిలో చాలావాటికి లెవోసెట్రిజిన్ కలిసే ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవండి. చాలా జలుబు బిళ్ళల్లో, దగ్గు సిరప్పుల్లో అదే జాతి క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. ఇలాంటివి మామూలుగా వారం ముందు ఆపమంటారు. ముంజేతికి స్టెరాయిడ్ క్రీమ్ రాస్తుంటే అదీ చెప్పండి.

ఇక విటమిన్లు. బి కాంప్లెక్స్, డి వల్ల టెస్ట్ చెడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పెద్ద మోతాదు విటమిన్ సి రక్తంలో హిస్టమిన్‌ని కొంత తగ్గిస్తుందని చిన్న అధ్యయనాల్లో కనిపించింది, అందుకే కొందరు డాక్టర్లు ఆ చప్పరించే 500 మి.గ్రా. బిళ్ళలు కూడా ఆపమంటారు. నాలుగు రోజులు మానితే పోయేదేం లేదు, మానేయండి. నిమ్మకాయ పులిహోర మానక్కర్లేదు! నాకు అసలు అనుమానం "ఇమ్యూనిటీ" పొడుల మీదే, లోపల ఏముందో డబ్బా మీద సరిగ్గా రాయరు, అవి డాక్టరుకి చూపించండి.

సొంతంగా ఆపకూడనివీ ఉన్నాయి. ఆయాసం ఇన్‌హేలర్ ఆపొద్దు, ఆయాసం ఎక్కువగా ఉన్న రోజు టెస్ట్ వాయిదా వేయించుకోండి. డిప్రెషన్‌కి, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటివి దద్దురుని అణుస్తాయి, అయినా ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్ళు తప్పకుండా ముందే చెప్పాలి, ఎందుకంటే అరుదుగానైనా టెస్టులో రియాక్షన్ తీవ్రంగా వస్తే అప్పుడిచ్చే అడ్రినలిన్ వీళ్ళకి సరిగ్గా పనిచేయకపోవచ్చు.

సెట్రిజిన్ మానితే ఒళ్ళంతా దద్దుర్లొచ్చేవాళ్ళు రక్తంతో చేసే ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) టెస్ట్ గురించి అడగండి, దానికి ఆ బిళ్ళ ఆపక్కర్లేదు. అయితే జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే మాత్రం ల్యాబులో చెప్పండి, కొన్ని పద్ధతుల్లో చేసే రక్తపరీక్షల ఫలితాల్ని అది తారుమారు చేస్తుంది.