కోతల సీజన్ ముందు ఒక మాట: ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను అతికించకండి

గుణుపురం వైపు ఒక రైస్ మిల్లులో ఈమధ్య జరిగింది విన్నాక ఇది రాయక తప్పలేదు. అక్కడి కాటా చీటీలన్నీ ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్ (ట్యాగుల మధ్య సమాచారం పెట్టి రాసే ఫార్మాట్) ఫైలుగా సాయంత్రానికి బరంపురం ఆఫీసు సర్వర్‌కి వెళ్తాయి. ఒకరోజు ఫైలు తిరిగొచ్చేసింది. చూస్తే ఒక పార్టీ పేరులో & ఉంది. సాఫ్ట్‌వేర్ చూసే కుర్రాడు, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో నేరుగా ఉండకూడని ఆ గుర్తును దాని కోడ్‌గా మార్చే లైను ఒకటి రాసి పడేశాడు. ఫైలు వెళ్లింది, అందరూ ఇళ్లకు పోయారు. కానీ ఆ లైను అప్పటికే సరిగ్గా మారి ఉన్న పేర్లను కూడా రెండోసారి మార్చేసింది. అవతల ఆ పేర్లు ఖాతాలతో కలవక పేమెంట్లు ఆగిపోయాయి. జనం గేటు దగ్గరికొచ్చి గొడవ పడేదాకా ఎవరికీ తెలియలేదు.

పాస్‌వర్డ్‌లు, బ్యాకప్‌ల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం. పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా నేను చూసినంతలో కొంప ముంచే తప్పు ఒక్కటే. ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాన్ని మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరస) అనుకుని, ప్లస్ గుర్తుతో ముక్కలు అతికించి పంపడం.

మీ పత్రం సోప్ అనే సందేశం లోపల వెళ్తుంది, ఆ కవరూ ఎక్స్‌ఎమ్‌ఎలే. అవతలి సర్వీసు మీ పత్రాన్ని స్ట్రింగ్‌గానే అడిగిందనుకోండి. లోపలి పత్రంలోని <, & గుర్తులు ఒక్కసారే మారాలి, అవతల ఒక్కసారే వెనక్కి రావాలి. ఆ పని ఎక్స్‌ఎమ్‌ఎల్ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) చేస్తుంది. మీరూ చెయ్యి పెడితే రెండుసార్లవుతుంది. పత్రాన్ని సోప్ బాడీలోనే నోడ్‌గా (ట్యాగులను ట్యాగులుగానే) పెట్టే వీలుంటే అదే మేలు. అప్పుడు లోపలి పత్రం పైనున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ డిక్లరేషన్ (వెర్షన్, ఎన్‌కోడింగ్ చెప్పే మొదటి లైను) తీసేయాలి, అది ఫైలు మొట్టమొదటే తప్ప మధ్యలో ఉండకూడదు.

సీడేటాలో (లోపలి గుర్తులను మామూలు అక్షరాలుగానే చదవమనే భాగం) చుట్టేస్తే గొడవ వదిలిపోతుందని చాలామంది ధీమా. లోపలి పత్రంలోనే ఇంకో సీడేటా ఉంటే? మొదటి ]]> అనే ముగింపు గుర్తు దగ్గరే బయటిది మూసుకుపోతుంది.

డిజిటల్ సంతకం ఉన్న పత్రమైతే అసలు ముట్టుకోవద్దు. ట్యాగుల మధ్య ఖాళీలు సర్దినా సంతకం చెల్లకుండా పోవచ్చు. బేస్64లో (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) పంపండి, సైజు మూడో వంతు పెరుగుతుంది, పెరగనివ్వండి. రెండు వైపులా ఎమ్‌టామ్ (బైట్లను ఉన్నవి ఉన్నట్టే జోడించి పంపే పద్ధతి) ఉంటే ఆ పెరుగుదలా ఉండదు. 2005 నుంచీ అది డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణమే, అయినా మన వైపు వాడేవాళ్లు తక్కువ.

ఇక సైజు. వేసవిలో పది చీటీలతో టెస్ట్ చేసి ఓకే అనేస్తారు. కోతలప్పుడు చీటీలు పెరిగి ఫైలు ఉబ్బుతుంది. సెట్టింగ్ మార్చకపోతే, మైక్రోసాఫ్ట్ సర్వీసుల ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూసీఎఫ్ తీసుకునేది 65,536 బైట్లే. వెబ్ సర్వర్ ఇంజిన్ఎక్స్ 1 ఎంబీ దగ్గర ఆపేస్తుంది, మైక్రోసాఫ్ట్ వారి పాత వెబ్ వేదిక ఏఎస్‌పీ డాట్ నెట్ 4 ఎంబీ దగ్గర. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఒడియా అక్షరమైనా తెలుగు అక్షరమైనా ఒక్కోటి కనీసం 3 బైట్లు, గుణింతమో ఒత్తో ఉంటే ఇంకా ఎక్కువ. కంటెంట్ లెంగ్త్‌ను (ఎన్ని బైట్లు వస్తాయో ముందే చెప్పే అంకె) అక్షరాల్లో లెక్కేస్తే పత్రం తోక తెగుతుంది. ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేసినన్నాళ్లూ ఈ తేడా కనపడదు.

మిగతావి వరసగా:

కాటా యంత్రం సీరియల్ పోర్టులో బరువుకు ముందు కనపడని 02 బైటు పంపొచ్చు. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0లో దానికి ఏ రూపంలోనూ చోటు లేదు. చదివిన చోటే తీసేయండి.

సోప్ సందేశంలో డీటీడీ (పత్రం ఎలా ఉండాలో చెప్పే నియమాల భాగం) పెట్టకండి, నిబంధనే ఒప్పుకోదు. సర్వర్ పార్సర్‌లో (ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివే ప్రోగ్రాం) డీటీడీ, బయటి ఎంటిటీలు (బయటి ఫైళ్లను లోపలికి లాక్కొచ్చే పేర్లు) ఆపేయండి. వాటి ద్వారా మీ సర్వర్ ఫైళ్లు బయటివాడు చదవగలడు.

డిక్లరేషన్‌లో యూటీఎఫ్-16 అని రాసి యూటీఎఫ్-8 బైట్లు పంపకండి.

టైమౌట్ వచ్చిందంటే ఫైలు చేరలేదని కాదు. ప్రతి ఫైలుకూ ఒక నంబరు ఉండాలి. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ పాత రసీదే ఇవ్వాలి. లేదంటే ఒకే లారీ లెక్కలో రెండుసార్లు ఎక్కుతుంది.

స్ట్రింగ్ అతికించకండి.

& కోసం రీప్లేస్ లైను రాయకండి. ఉంటే ఈరోజే తీసేయండి.

పంపే ముందు పార్సర్‌తో ఒకసారి చదివించండి. తప్పుంటే మిల్లులోనే ఆగాలి, బరంపురం దాకా పోకూడదు.

మీరు పంపిన ఫైలును, అవతల విప్పాక వచ్చిన ఫైలును పక్కపక్కన పెట్టి చూడండి. &, <, ఒడియా పేరు, తెలుగు పేరు, ఖాళీ గడి, అన్నీ అందులో ఉండాలి.

రాత్రి పూట సరిచేసి నేరుగా లైవ్‌లో పెట్టకండి.

అతికించకండి. "ఈ ఒక్కసారికి" అని కూడా వద్దు, ఆ కుర్రాడు అన్నదీ అదే మాట.