టండ్రా నదికి ఇంట్లో కూర్చుని స్థలాకృతి పటం తయారు చేయడం ఎలా?

ఉత్తర అలాస్కాలో కాల్విల్ నది సుమారు 560 కిలోమీటర్లు పారి బోఫోర్ట్ సముద్రంలో కలుస్తుంది. దాని డెల్టా మొదట్లో నుయిక్‌సుట్ అనే ఇన్యుపియాట్ (అక్కడి ఆదివాసుల) ఊరు ఉంది. 1906-1914 మధ్య ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్ అనే అన్వేషకుడు ఉత్తర అలాస్కా తీరం వెంట కుక్కబండ్ల మీద, పడవల మీద తిరిగి కొలిచాడు. ఈ రోజు క్యూజీఐఎస్ అనే పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్, మంచి ఇంటర్నెట్ ఉంటే కాల్విల్ డెల్టా పటం మనమూ గీయొచ్చు.

ముందు ఎత్తుల సమాచారం కావాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని పోలార్ జియోస్పేషియల్ సెంటర్ 'ఆర్కిటిక్‌డెమ్' అనే నేల ఎత్తుల నమూనాను ఉచితంగా ఇస్తోంది. ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన ఉపగ్రహ చిత్రాల నుంచి 2 మీటర్ల స్పష్టతతో దీన్ని తయారుచేశారు. ఇందులో మొజాయిక్‌ కాకుండా స్ట్రిప్ (ఒక్క చిత్రాల జత నుంచి వచ్చిన పట్టీ) తీసుకోండి. మొజాయిక్ అంటే పట్టీలన్నీ అతికించినది, అందులో వేర్వేరు తేదీల చిత్రాలు కలిసిపోతాయి, స్ట్రిప్ ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. మే చివర్లోనో జూన్ మొదట్లోనో నది మీద మంచు పగిలి వరద వస్తుంది కాబట్టి జూలై, ఆగస్టు స్ట్రిప్పులు మేలు.

ఆ స్ట్రిప్‌ను యూటీఎం అనే మీటర్ల కొలత పద్ధతిలో, డెల్టా ఉన్న 5వ ఉత్తర జోన్‌లోకి మార్చండి. ఇక్కడొక ముఖ్యమైన పని ఉంది, దయచేసి వదిలేయకండి. ఇందులోని ఎత్తులు సముద్రమట్టం నుంచి కొలిచినవి కావు, ఎలిప్సాయిడ్ (భూమికి లెక్క కోసం ఊహించిన నునుపైన ఆకారం) నుంచి కొలిచినవి. క్యూజీఐఎస్‌లోని రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఆ ఎత్తుల నుంచి జియోయిడ్ విలువను, అంటే సగటు సముద్రమట్టానికీ ఎలిప్సాయిడ్‌కూ మధ్య తేడాను, తీసివేయాలి. డెల్టా నేల సముద్రం కంటే కొద్ది మీటర్లే ఎత్తు. ఆ లెక్క తప్పితే ఏ గట్టు మునుగుతుందో, ఏది మునగదో తారుమారవుతుంది.

తర్వాత నీళ్ల సంగతి. నీటి మీద పోల్చుకోవడానికి గుర్తులేవీ ఉండవు. అందుకే చెరువుల మీద, పాయల మీద లేని గుట్టలు, గుంటలు కనిపిస్తాయి. స్ట్రిప్ తేదీకి దగ్గరి తేదీ సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం తెచ్చి, సమీప పరారుణ బ్యాండ్‌లో నల్లగా కనిపించే నీటి చుట్టూ పాలిగాన్లు గీసి, ఆ భాగాన్ని తొలగించాకే కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తీయండి.

కాంటూర్ల మధ్య ఎడం ఒక మీటరు పెట్టండి. అయిదు మీటర్లు పెడితే డెల్టా దాదాపు ఖాళీ కాగితమే. అయినా నేలలోని మంచు చీలికలు ఏర్పరిచిన గళ్లు కాంటూర్లకు సరిగా అందవు, వాటి అంచుల ఎత్తు సాధారణంగా మీటరు లోపే. హిల్‌షేడ్‌లో (నేల మీద వెలుగునీడలు చూపే పద్ధతి) సూర్యుడి ఎత్తు 45 డిగ్రీల నుంచి 15కు దించి, ఎత్తులను పెంచి చూపే జడ్ ఫ్యాక్టర్ 3 చేయండి. చదునుగా కనిపించిన నేల మీద తాబేటిచిప్ప గళ్లు తేలతాయి. నాకైతే ఈ పని మొత్తంలో ఇదే ఇష్టమైన ఘట్టం.

గట్లు కోసుకుపోతూ ఉంటాయి కాబట్టి పటం మూలన స్ట్రిప్ తేదీ, నీటి చిత్రం తేదీ, వాడిన జియోయిడ్ పేరు తప్పకుండా రాయండి.