రైల్‌రోడ్ పనిలో రసాయనాల వల్ల జబ్బు చేస్తే పరిహారం ఫైలు ఎలా సిద్ధం చేయాలి?

అమెరికాలో రైల్‌రోడ్ ఉద్యోగికి పని వల్ల జబ్బు చేస్తే, మిగతా కంపెనీల వాళ్లకి వచ్చినట్టు వర్కర్స్ కాంపెన్సేషన్ (తప్పెవరిదని చూడకుండా ఇచ్చే పరిహారం) రాదు. 1908లో వచ్చిన ఫెడరల్ ఎంప్లాయర్స్ లయబిలిటీ యాక్ట్ కింద కంపెనీ మీద దావా వేసుకోవాలి. దాన్ని అందరూ ఫేలా అంటారు. ఇందులో కంపెనీ నిర్లక్ష్యం రుజువు కావాలి. రుజువైతే పోయిన జీతంతో పాటు పడ్డ బాధకి కూడా డబ్బు అడగొచ్చు, జ్యూరీ చేత తేల్పించుకోవచ్చు. లాయరు చేతికి వెళ్లేముందు ఈ ఫైళ్లు సిద్ధం చేయడమే నా ఉద్యోగం. ఏళ్ల తరబడి డీజిల్ పొగ పీల్చి, నిజంగానే జబ్బు పడి కూడా ఉత్త చేతులతో ఇంటికెళ్లిన వాళ్లని చూశాను. వాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసింది ఒక్క తేదీ. అందుకే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందే చెప్పేస్తున్నా, ఇది అమెరికా చట్టం. కాజీపేట డీజిల్ షెడ్‌లోనో లాలాగూడ వర్క్‌షాప్‌లోనో చేసి రిటైరైన నాన్నగారికి వర్తిస్తుందా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. వర్తించదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అన్ని ఆసుపత్రుల రికార్డులు, బయాప్సీ రిపోర్టు, స్కాన్ల సీడీలు. రైల్‌రోడ్ ఉద్యోగుల పెన్షన్లు చూసే ప్రభుత్వ సంస్థ రైల్‌రోడ్ రిటైర్‌మెంట్ బోర్డు దగ్గరున్న సర్వీసు రికార్డు. పాత పే స్లిప్పులు, యూనియన్ కార్డు. ఒక రూళ్ల లాంగ్ నోట్‌బుక్, నీలం ఇంకు పెన్ను. ఎక్సెల్ షీట్ వద్దు.

మొదట లాయరు, తర్వాతే ఇంకెవరైనా

హైవే పక్క హోర్డింగ్ మీద నవ్వుతూ కనిపించే యాక్సిడెంట్ లాయరు ఈ పనికి పనికిరాడు. ఫేలా కేసులే చేసేవాళ్లు ఉంటారు, రైల్‌రోడ్ యూనియన్ల దగ్గర వాళ్ల జాబితా దొరుకుతుంది. ఈలోగా కంపెనీ క్లెయిమ్ ఏజెంట్ ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడతాడు, "చిన్న స్టేట్‌మెంట్ రికార్డు చేసుకుంటాం సార్" అంటాడు. లాయరుతో మాట్లాడి చెప్తానని పెట్టేయండి.

పని చరిత్ర రాయడం

"ఆస్బెస్టాస్, డీజిల్, బెంజీన్, మీకు తగిలినవాటికి టిక్ పెట్టండి" అని కొన్ని ఆఫీసుల్లో అచ్చువేసిన ఫారం ఇస్తారు. నాకు ఆ ఫారం కనబడితే చించేయాలనిపిస్తుంది. మనిషి భయంకొద్దీ అన్నింటికీ టిక్ పెడతాడు. ఏడాది తర్వాత కంపెనీ లాయరు ఎదురుగా కూర్చుని "బెంజీన్ ఎక్కడ వాడారు? ఏ డబ్బాలో వచ్చేది?" అంటే నోట మాట రాదు.

రసాయనం పేరుతో కాదు, పనితో మొదలుపెట్టండి. చివరి ఉద్యోగం నుంచి వెనక్కి వెళ్లండి. ఏ యార్డు, ఏ వర్క్‌షాపు, ఏ రాష్ట్రం, ఏ షిఫ్టు, పక్కన ఎవరు పనిచేసేవారు. రాష్ట్రం పేరు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే 2017లో బీఎన్ఎస్ఎఫ్ అనే రైల్‌రోడ్ కంపెనీ కేసులో (బీఎన్ఎస్ఎఫ్ వర్సెస్ టైరెల్) సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇష్టమొచ్చిన రాష్ట్రంలో కేసు వేసే వీలు తగ్గిపోయింది.

ఎలా రాయాలంటే, "డీజిల్ పొగకు గురయ్యాను" అని రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. "పాత ఇంజిన్లలో యాంటీఫ్రీజ్ ఉండదు, ఆపేస్తే నీళ్లు గడ్డకడతాయని చలికాలమంతా షెడ్‌లోపల ఆన్‌లోనే ఉంచేవాళ్లు. చలికి తలుపులు మూసేవాళ్లం. పైన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగేది కాదు. ఇంటికెళ్లి ముక్కు చీదితే నల్లగా వచ్చేది" అని రాస్తే జ్యూరీకి ఆ షెడ్ కళ్లకు కడుతుంది. ట్రాక్ మీద పనిచేసినవాళ్లు ఎండకి స్లీపర్ చెక్కల నుంచి కారిన క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా పట్టించే నల్లటి నూనె) చేతులకి ఎలా అంటుకునేదో, కంకర దించేటప్పుడు దుమ్ము ఎంతసేపు ఉండేదో రాయాలి. మాస్క్ ఇచ్చారా, ఇస్తే ఎలాంటిది, ఫోర్‌మన్‌కి చెప్తే ఏమన్నాడు, ఇవన్నీ కావాలి. ప్రమాదం సంగతి కంపెనీకి తెలుసని చూపించేవి ఇలాంటి వివరాలే.

సిగరెట్ తాగేవాళ్లయితే దాచొద్దు. ఎలాగూ రికార్డులో ఉంటుంది. ఫేలాలో మీ తప్పు కొంత ఉన్నంత మాత్రాన కేసు పోదు, జ్యూరీ తేల్చిన వాటా మేరకు డబ్బు తగ్గుతుంది, అంతే. కంపెనీ నిర్లక్ష్యం జబ్బుకి ఏ కాస్త కారణమైనా చాలని సుప్రీంకోర్టు 1957లో రోజర్స్ కేసులో చెప్పింది, 2011లో మెక్‌బ్రైడ్ కేసులో మళ్లీ అదే ఖాయం చేసింది.

అసలు చిక్కు: మీకు ఎప్పుడు తెలిసింది?

ఇక్కడ నెమ్మదిగా చదవండి. కేసు వేయడానికి గడువు 3 ఏళ్లు. ఎప్పటి నుంచి 3 ఏళ్లన్నదే గొడవంతా. కాలు విరిగితే విరిగిన రోజే లెక్క. ఊపిరితిత్తుల జబ్బుకి అలాంటి రోజు ఉండదు. మిస్సోరి పసిఫిక్ అనే రైల్‌రోడ్‌లో రైలింజిన్ ఫైర్‌మన్‌గా దాదాపు 30 ఏళ్లు చేసిన యూరీ అనే ఆయనకి, జారకుండా ఇంజిన్ చక్రాల కింద చల్లే ఇసుక దుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. మొదటిసారి దుమ్ము పీల్చిన నాటి నుంచే గడువు లెక్కపెడితే ఆయనకి న్యాయం ఎప్పటికీ దొరకదు కదా! అది కుదరదని 1949లో సుప్రీంకోర్టు చెప్పింది. జబ్బు బయటపడినప్పటి నుంచే లెక్క.

చాలామంది ఇక్కడే ఊపిరి పీల్చుకుని, క్యాన్సర్ అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి వేళ్లమీద లెక్కేసుకుంటారు. అలా చేయకండి. జబ్బు ఉందని, దానికి పని కారణం కావచ్చని మీకు తెలిసిన రోజుతో పాటు, మామూలు తెలివున్న మనిషికి తెలిసి ఉండాల్సిన రోజు కూడా కోర్టు చూస్తుంది. రెండింటిలో ఏది ముందైతే అదే. డయాగ్నసిస్ కంటే ముందే అనుమానం వచ్చి ఉంటే, గడియారం అప్పుడే మొదలైందని కంపెనీ వాదిస్తుంది. రిటైరైన రోజుకీ దీనికీ సంబంధం లేదు. లాయరు చెప్పాకే తెలిసిందనడమూ చెల్లదు.

ఆ అనుమానం ఎక్కడ దొరుకుతుందో తెలుసా? నర్సు రాసుకున్న నోట్స్‌లో. ఏదో ఒక క్లినిక్‌కి దగ్గు చూపించుకోవడానికి వెళ్తారు. బీపీ చూస్తూ ఆమె ఏం పని చేసేవారని అడుగుతుంది. "ఆ ఇంజిన్ల పొగే నా ఛాతీని ఇలా చేసింది" అని మాటవరసకి అంటారు. ఆమె దాన్ని తేదీతో సహా ఒక్క వాక్యంలో రాసేస్తుంది. మీరు ఆ రోజే మర్చిపోతారు. నాలుగేళ్ల తర్వాత కంపెనీ లాయరు ఆ పేజీనే పసుపు రంగు వేసి తెస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు నింపే ఫారంలో "ఈ సమస్య పనికి సంబంధించినదా?" అన్న గడి కూడా ఇంతే.

కాబట్టి తేదీ రాసేముందు రికార్డులన్నీ తెప్పించండి, క్యాన్సర్ డాక్టరువి మాత్రమే కాదు. ఫ్యామిలీ డాక్టర్, అర్జెంట్ కేర్, కంపెనీ చేయించిన మెడికల్ పరీక్షలు, అన్నీ. ప్రతి పేజీలో మూడే వెతకండి: లక్షణం మొదట కనబడిన రోజు, దానికో పేరు పెట్టిన రోజు, పని ప్రస్తావన వచ్చిన రోజు. వాటిలో అన్నిటికంటే ముందున్న తేదీకి 3 ఏళ్లు కలిపి, ఆ రోజు లోపలే కేసు పడేలా చూడండి. ఇంకా టైముందని లాయరు అన్నా నేనైతే ఈ లెక్కే పట్టుకుంటాను.

తేదీ ఇబ్బందిగా ఉందని మార్చి రాయడం, "అప్పుడు నాకేం తెలియదు" అని బుకాయించడం అసలు వద్దు. అవే రికార్డులు అవతలివాళ్ల దగ్గరా ఉంటాయి. ప్రమాణం చేసి చెప్పిన మాట ఒక్కటి తప్పని తేలితే మిగతా నిజాలూ నమ్మరు.

తొందరపడటం కూడా తప్పే. ఆస్బెస్టాస్ తగిలింది కానీ జబ్బేమీ లేదు, భయంగా ఉంది అంటే మానసిక వేదన కింద డబ్బు రాదు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ సొరంగాల్లో పనిచేసిన పైప్‌ఫిటర్ బక్లీ కేసులో 1997లో సుప్రీంకోర్టు అదే తేల్చింది. ఇంతకుముందు చెవుడుకో ఇంకోదానికో సెటిల్‌మెంట్ తీసుకుని ఉంటే ఆ కాగితం వెతికి లాయరుకి చూపించండి. ముందుముందు వచ్చే జబ్బుల హక్కు కూడా అందులో వదులుకున్నట్టు రాసి ఉండొచ్చు, అది చెల్లుతుందా అన్నదాంట్లో కోర్టులకే ఏకాభిప్రాయం లేదు.

మనిషి పోయాక ఇంట్లోవాళ్లు వేసే కేసుకీ ఇదే చిక్కు. బతికుండగానే ఆయన గడువు దాటిపోయి ఉంటే భార్యాపిల్లల కేసు కూడా నిలవదు.

మిగతావి

వైద్యం చేసే డాక్టరు ఉత్తరం ఒక్కటే సరిపోదు, జబ్బుకి కారణం చెప్పగల నిపుణుడు కావాలి. అది లాయరు చూసుకుంటాడు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చింది కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసుల్లో నిపుణుడి పని కొంత తేలిక.

చివర్లో డబ్బు. జబ్బు సెలవులో ఉన్నప్పుడు రిటైర్‌మెంట్ బోర్డు ఇచ్చిన సిక్‌నెస్ బెనిఫిట్లు పరిహారం రాగానే బోర్డుకి తిరిగి కట్టాలి. సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టేముందు ఆ మొత్తం ఎంతో బోర్డు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని, ఎవరి వాటాలోంచి పోతుందో లాయరు చేత కాగితం మీద రాయించుకోండి.