పాత పాటల కాగితాల ముఖచిత్రాలు: కాలం గుర్తించడం, కాపాడుకోవడం

గుంతకల్లు రైల్వే క్వార్టర్ల దగ్గరి ఒక గుజిరీ అంగడిలో, తూకానికి సిద్ధంగా దారంతో కట్టి పెట్టిన పాత పత్రికల మధ్య నుంచి, ఒక సిపాయి బొమ్మ ఉన్న పెద్ద కాగితం అంచు బయటికి కనిపించింది. కట్ట విప్పించి చూస్తే మొదటి ప్రపంచయుద్ధం నాటి ఇంగ్లీషు పాటల స్వరాలు అచ్చువేసిన కాగితాలు ఏడు ఉన్నాయి. వాటి కిందనే అణాల కాలం నాటి తెలుగు సినిమా పాటల పుస్తకాలు కూడా పదీ పన్నెండు ఉన్నాయి. ఒక కాగితం మూలన మద్రాసులోని వాయిద్యాల అంగడి రబ్బరు ముద్ర ఊదారంగులో ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. పియానో ఉన్న ఏదో రైల్వే ఇంట్లో ఆ పాటలు వాయించి ఉంటారు, అదే ఇంటివాళ్లు సాయంత్రం సినిమాకు వెళ్లి విరామంలో పాటల పుస్తకం కొనుక్కుని ఉంటారు. అప్పటి నుంచి ఈ రెండు రకాల కాగితాలను పక్కపక్కనే పెట్టి చూస్తూ వచ్చాను. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లోని అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున ఇలాంటివి ఇంకా ఉన్నాయని నా నమ్మకం. అవి దొరికినవారు ఏ పని ఏ వరుసలో చేయాలో చెప్పడం కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండడమే. దుమ్ము తుడవాలని తడిగుడ్డ పెట్టకూడదు, మడతలు పోవాలని ఇస్త్రీ చేయకూడదు, చిరుగుకు టేపు అంటించకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరిన తరువాత, శుభ్రమైన బల్ల మీద తెల్లటి బట్ట పరిచి, ఒక్కొక్క కాగితాన్ని రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని దాని మీద పెట్టాలి. పైనున్న దుమ్మును మెత్తటి కుంచెతో మధ్య నుంచి అంచుల వైపుకు నెమ్మదిగా దులపాలి. ఏది ఎక్కడ, ఎవరి దగ్గర, దేనితో కలిసి దొరికిందో ఆ రోజే పెన్సిలుతో వేరే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఈ ఒక్క వివరం తరువాత ఎంత వెతికినా దొరకదు.

ఇంగ్లీషు కాగితాల కాలం గుర్తించడానికి మొదట అట్టను కాకుండా, లోపలి మొదటి స్వరాల పేజీ అడుగును చూడాలి. హక్కుల ప్రకటన, సంవత్సరం సాధారణంగా అక్కడ చిన్న అక్షరాలలో ఉంటాయి. కొన్నిసార్లు రోమన్ అంకెలలో ఉంటాయి. అయితే ఆ సంవత్సరం పాట మొదట వెలువడిన సంవత్సరమే గాని, మీ చేతిలోని ప్రతి అచ్చయిన సంవత్సరం కాకపోవచ్చు. బాగా అమ్ముడైన పాటలను అవే పలకలతో మళ్లీ మళ్లీ వేసి, అట్ట మాత్రం మార్చేవారు. జార్జ్ ఎం. కోహన్ 1917లో రాసిన ‘ఓవర్ దేర్’ ఇందుకు మంచి ఉదాహరణ. దాని ఒక ముద్రణ మీద గాయని నోరా బేయెస్ ఫొటో ఉంటే, లియో ఫీస్ట్ సంస్థ వేసిన మరో ముద్రణ మీద నార్మన్ రాక్‌వెల్ గీసిన, పాట పాడుతున్న సిపాయిల బొమ్మ ఉంది. సంవత్సరం ఒకటే అయినా అట్టలు వేరు కాబట్టి, కాలం చెప్పేటప్పుడు అట్ట మీది ప్రచురణకర్త పేరు, చిరునామా, ధర, వెనక అట్ట మీద ప్రకటించిన ఇతర పాటల పేర్లు అన్నీ కలిపి చూడాలి. వెనక ప్రకటనలో ఉన్న పాటల్లో అన్నిటికన్నా కొత్తది ఏ సంవత్సరానిదో తెలిస్తే, మీ ప్రతి అంతకుముందు అచ్చయి ఉండదు.

కొలబద్ద కూడా ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా పాటల కాగితాలు సుమారు పదిన్నర అంగుళాల వెడల్పు, పదమూడున్నర అంగుళాల పొడవు ఉండేవి. 1918లో కాగితం పొదుపు కోసం చాలా పాటలను బాగా చిన్న సైజులో అచ్చువేశారు. ప్రభుత్వానికి సహకరించడానికే ఈ పాటను మామూలు పెద్ద సైజులో వేయడం లేదని ఆ ప్రచురణకర్తలు అట్టల మీదనే చెప్పుకున్నారు. యుద్ధం తరువాత పెద్ద సైజు మళ్లీ స్థిరపడలేదు. సుమారు తొమ్మిది, పన్నెండు అంగుళాల కొలత వాడుకలోకి వచ్చింది. గుంతకల్లు కట్టలోని ఏడింటిలో రెండు అలాంటి చిన్న సైజు కాగితాలు. వాటిని మొదట ఎవరో కత్తిరించారనుకుని బాధపడ్డాను. అంచుల చుట్టూ ఖాళీ సమంగా ఉండడం, అట్ట అడుగున ఆ ప్రకటన ఉండడం చూసిన తరువాత గాని అవి పుట్టుకతోనే చిన్నవని తెలియలేదు.

బొమ్మను బొమ్మగా చూడడం ఆ తరువాతి పని. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఈ పనిలో దానికి మించిన పెట్టుబడి లేదు. రాతి మీద గీసి అచ్చువేసిన లిథో బొమ్మలో రంగు ఇసుక చల్లినట్టు, ఒక వరుస లేకుండా గరుకుగా కనిపిస్తుంది. ఫొటో నుంచి తీసిన హాఫ్‌టోన్‌లో చుక్కలు జల్లెడ కన్నుల్లాగా వరుసగా ఉంటాయి. ఒకే అట్ట మీద చిత్రకారుడు గీసిన బొమ్మ గరుకుగానూ, మూలన గుండ్రంగా పెట్టిన గాయకుడి ఫొటో చుక్కలుగానూ కనిపించడం ఆ కాలపు కాగితాలలో మామూలే. పాట ఏ గాయకుడు పాడితే ఆ గాయకుడి ఫొటో మార్చి అమ్మేవారు కాబట్టి, ఆ గుండ్రటి భాగం ఒక్కటే మారిన ప్రతులు కూడా దొరుకుతాయి. కొత్తగా కంప్యూటర్లో అచ్చువేసిన నకలు ప్రతి ఎక్కడైనా అమ్మకానికి వస్తే, గీసిన గీతల మీద కూడా చుక్కలు కనిపించడాన్ని బట్టి పట్టుకోవచ్చు.

యుద్ధకాలపు అట్టలను సంవత్సరాల వరుసలో పేర్చి చూస్తే ఒక దేశం మనసు మారిన తీరు కళ్ల ముందు కనబడుతుంది. అమెరికా యుద్ధంలో చేరకముందు, 1915లో వచ్చిన ఒక ప్రసిద్ధ పాట పేరుకు ‘నా బిడ్డను సిపాయి కావడానికి పెంచలేదు’ అని అర్థం. దాని అట్ట మీద ముసలి తల్లి కొడుకును పొదివి పట్టుకుని ఉంటుంది. 1917 ఏప్రిల్‌లో ఆ దేశం యుద్ధంలో దిగిన తరువాత అట్టల నిండా జెండాలు, కవాతు చేసే సిపాయిలు, సాగనంపే తల్లులు కనిపిస్తారు. మన జిల్లాల నుంచి కూడా ఆ యుద్ధానికి మనుషులు వెళ్లారు, ఆ ఇళ్లలోనూ సాగనంపిన తల్లులు ఉన్నారు. వాళ్ల పాట ఏ అట్ట మీదకూ ఎక్కలేదనే సంగతి ఈ కాగితాలు చూసినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది. పోల్చి చూడడానికి బొమ్మలు కావాలంటే జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలోని లెస్టర్ లెవీ సేకరణ, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణ ఇంటర్నెట్లో ఉచితంగా చూడవచ్చు. రెండవదానిలో మొదటి ప్రపంచయుద్ధం పాటలే పద్నాలుగు వేలకు పైగా ఉన్నాయి.

తెలుగు సినిమా పాటల పుస్తకాలలో స్వరాలు ఉండవు. కథాసంగ్రహం, తారాగణం, పాటల సాహిత్యం, కథను మంచి మలుపు దగ్గర ఆపి ‘తరువాతి కథ వెండితెరపై చూడండి’ అనే వాక్యం, ఇంతే ఉంటాయి. వీటిలో చాలావాటి మీద సంవత్సరం వేయలేదు గాని, కాలం చెప్పే గుర్తులు పుష్కలంగా ఉన్నాయి. ధర అణాల్లో మాత్రమే ఉంటే సాధారణంగా అది 1957 ఏప్రిల్ 1కి ముందుదే, ఎందుకంటే మన నాణేలు పదుల లెక్కలోకి మారింది ఆ రోజునే. ‘నయా పైసలు’ అని ఉంటే ఆ తేదీకీ 1964 జూన్‌కూ నడిమి కాలానిది. ఉత్త ‘పైసలు’ అని ఉంటే ఆ తరువాతిది. చిరునామాలో ‘మద్రాసు-17’ అని ఉంటే సాధారణంగా పిన్‌కోడు రాకముందుదని, ‘600017’ అని ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతదని చెప్పవచ్చు. పంపిణీదారుల చిరునామాలో ‘ఆంధ్ర రాష్ట్రం’ అని ఉంటే 1953 అక్టోబరుకూ 1956 నవంబరుకూ మధ్య, అంటే కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లలో అచ్చయి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. అట్ట ఎర్ర, నీలి రంగుల రెండు బ్లాకులతో, అంటే బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న అచ్చు దిమ్మలతో వేసినది; నీలం బ్లాకు కాస్త పక్కకు జరగడం వల్ల నాయిక కొంగుకు ఎర్రటి నీడ అంచులా పడింది. పేజీ వెనక వేలు పెట్టి తడిమితే అక్షరాలు గుచ్చినట్టు తగులుతాయి. సీసం అక్షరాలతో, బ్లాకులతో అచ్చువేసినదానికి అదే గుర్తు. రబ్బరు పరుపు మీదుగా సిరా కాగితానికి ఎక్కే ఆఫ్‌సెట్‌లో వేసిన కాగితం వెనక నున్నగా ఉంటుంది.

ఇక కాపాడడం. మన సీమ ఎండ ఈ కాగితాలకు ఒక రకంగా మేలు, ఒక రకంగా కీడు. అనంతపురం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోటు కాబట్టి బూజు భయం కోస్తా కన్నా తక్కువ. అయితే ఆ కాలపు చవక కాగితం చెక్క గుజ్జుతో చేసినది. దానిలోని ఆమ్లం వేడికి త్వరగా పనిచేసి కాగితాన్ని పసుపుగా, అప్పడంలా పెళుసుగా చేస్తుంది. మే నెల మధ్యాహ్నం మడతలు విప్పే పని పెట్టుకోకండి. గాలిలో కాస్త తేమ ఉండే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉదయం పూట విప్పితే మడత దగ్గర విరిగే ప్రమాదం తగ్గుతుంది. ఒక్కొక్క కాగితాన్ని ఆమ్లం లేని కాగితపు మడతలో గాని, పాలిస్టర్ కవరులో గాని పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, ఇంటి లోపలి గోడ వైపు బీరువాలో నేలకు జానెడు ఎత్తున ఉంచాలి. అటక పనికిరాదు, పైకప్పు వేడి నేరుగా తగులుతుంది. అంగళ్లలో దొరికే మెత్తటి, వాసన వచ్చే పీవీసీ కవర్లు కొన్నేళ్లకు అచ్చు సిరాకు అంటుకుంటాయి. ల్యామినేషన్ చేయించడమంటే ఆ కాగితాన్ని పోగొట్టుకోవడమే. వేడికి కరిగిన జిగురు మళ్లీ ఊడి రాదు.

టేపు గురించి నా అనుభవం చెప్పాలి. మొదటి ఏడాదిలో, సిపాయి బొమ్మ కాగితం మడత దగ్గర చిరుగుతోందని వెనక వైపు మామూలు సెల్లోటేపు అంటించాను. రెండు వేసవులు తిరిగేసరికి టేపు ఎండి రాలిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి, ముందు వైపు సిపాయి భుజం మీదుగా తేనెరంగు చార తేలింది. అది ఇక పోదు. చిరుగును ఆపవలసి వస్తే, గోధుమ గంజి పిండిని నీళ్లలో ఉడికించి వడగట్టిన పలచటి బంకతో, జపనీస్ టిష్యూ అనే పలచటి, గట్టి పీచు కాగితం సన్నటి ముక్కను వెనక వైపు అంటించాలి. నీళ్లతో తడిపితే అది ఎప్పుడైనా విడివడుతుంది. ముందుగా విలువలేని పాత కాగితం మీద నాలుగుసార్లు చేసి చేయి కుదిరాకే అసలు దాని జోలికి వెళ్లాలి. పాటల పుస్తకాల తుప్పు పిన్నులను పలచటి రేకుతో వెనక నుంచి కాళ్లు లేపి తీసి, అవే రంధ్రాల గుండా తెల్ల నూలు దారం కట్టాలి. వేపాకు పెట్టడం మన పెద్దల అలవాటు; పెట్టాలనుకుంటే బాగా ఎండినదాన్ని బట్ట మూటగా కట్టి పెట్టె మూలన ఉంచండి, కాగితానికి తగిలితే మరక పడుతుంది. చెదలకు మాత్రం నెలకొకసారి పెట్టె తెరిచి చూడడమే మందు.

2009 అక్టోబరు వరదలో కర్నూలులోని మా బంధువుల ఇంట్లో ఒక పెట్టెడు పాటల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. వాటిని మేడ మీద ఎండకు పరచడం వల్ల నిగనిగలాడే అట్టలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీయబోతే బొమ్మల ముఖాలు ఊడి వచ్చాయి. తడిసిన కాగితాలకు రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి, అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే నాలుగైదు పుస్తకాలకొక కట్టగా, మధ్య మధ్య బట్టర్ పేపరు పెట్టి, ప్లాస్టిక్ కవరులో ఫ్రీజర్‌లో పెట్టాలి. తరువాత కొన్ని కొన్నిగా తీసి, నీడలో ఫ్యాను గాలికి, ఏమీ అచ్చు లేని తెల్ల కాగితాల మధ్య ఆరబెట్టాలి. వార్తాపత్రికలు వాడితే వాటి సిరా దీనికి అంటుతుంది.

స్కానింగు జిరాక్సు అంగడిలో చేయించేటట్లయితే, కాగితాన్ని లోపలికి లాక్కునే యంత్రంలో పెట్టనివ్వకండి. అద్దం మీద పెట్టే యంత్రమే కావాలి. అట్టకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), లోపలి పేజీలకు 300 సరిపోతుంది. పాత పెద్ద సైజు కాగితం ఏ4 అద్దం మీద పట్టదు. రెండు భాగాలుగా, మధ్యలో రెండు అంగుళాలు రెండింటిలోనూ వచ్చేలా తీసి కలపాలి. పక్కన చిన్న కొలబద్ద పెట్టి తీస్తే చూసేవారికి సైజు తెలుస్తుంది. అసలు ఫైలును నాణ్యత తగ్గని టిఫ్ రకంగా దాచి, పంచుకోవడానికి మాత్రం జేపెగ్ నకలు చేసుకోండి. పసుపు తీసేసి తెల్లగా చేయడం, చుక్కలు చెరిపేయడం వంటివి ఆ నకలు మీదనే చేయాలి.

పంచుకునే ముందు హక్కులు చూడాలి. మొదటి ప్రపంచయుద్ధం నాటి అమెరికా ప్రచురణలకు ఆ దేశంలో గడువు తీరిపోయింది. మన దేశంలో చిత్రకారుడి, కవి హక్కు వారు మరణించిన తరువాత 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి, సినిమా పాటల పుస్తకాలలో చాలావాటి పాటలకు ఇంకా యజమానులు ఉన్నారు. వాటి లోపలి పాటలన్నీ పెట్టకుండా, అట్ట బొమ్మను వివరాలతో చూపించే పద్ధతి నేను పాటిస్తున్నాను.

ప్రతి కవరు మీద పెన్సిలుతో నాలుగు వరుసలు రాయండి: పాట లేదా సినిమా పేరు, ప్రచురణకర్త, మీరు కట్టిన కాలం, ఏ గుర్తును బట్టి కట్టారో ఆ కారణం. చిత్రకారుడి సంతకం బొమ్మ మూలన, చాలాసార్లు కుడి అడుగున గడ్డిలోనో చీర కుచ్చిళ్లలోనో కలిసిపోయి ఉంటుంది. భూతద్దంతో వెతికి, చదవగలిగినంత మటుకు ఉన్నది ఉన్నట్టుగా ఐదో వరుసలో దించుకోండి.