చిన్న ల్యాప్‌టాప్ కొనే ముందు దాని ప్రాసెసర్‌ను ఎలా పరిశీలించాలి?

జూన్‌లో కళాశాలలు తెరిచే సమయానికి నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా తక్కువ ధర ల్యాప్‌టాప్ కావాలని వచ్చే తల్లిదండ్రులు కనిపిస్తూనే ఉంటారు. వారిలో చాలామంది ధర, తెర పరిమాణం, రంగు చూసి నిర్ణయం తీసుకుంటారు. యంత్రానికి మెదడు వంటి చిప్ అయిన ప్రాసెసర్ గురించి అడిగితే దుకాణదారు దాన్ని తయారుచేసే కంపెనీ పేరు చెప్పి "ఇంటెలేనండీ" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు, అయితే దానివల్ల కొనేవారికి తెలిసేది కూడా ఏమీ లేదు.

ముందుగా ఆ యంత్రంతో చేయబోయే పనులను ఒక కాగితం మీద రాసుకోవాలి. డిగ్రీ విద్యార్థికి పాఠాల వీడియోలు, వర్డ్, బ్రౌజర్ సరిపోతాయి. రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాసే గుమస్తాకు టాలీ, ఎక్సెల్ కావాలి. ఇంజినీరింగ్ విద్యార్థి ఆటోక్యాడ్ కోసం కొంటున్నట్లయితే ఈ వ్యాసంలోని ప్రాసెసర్లు ఆ పనికి చాలవు కనుక, ఇంకొంత డబ్బు కూడే వరకు ఆగడం మేలు.

తరువాత ప్రాసెసర్ పూర్తి పేరును అంకెలతో సహా కనుక్కోవాలి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇంటెల్ వారి చౌక చిప్ సెలెరాన్ ఎన్4020లో ఉన్నవి రెండు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. అది 2019 చివరలో వచ్చిన చిప్. 2021లో వచ్చిన ఎన్4500లో కూడా రెండే కోర్లున్నా, దాని నిర్మాణం కొత్తది. 2023లో వచ్చిన ఎన్100లో నాలుగు కోర్లున్నాయి. చిప్ ఎంత కరెంటు వాడుతుందో చెప్పే అంకె మూడింటి మీదా 6 వాట్లు అనే రాసి ఉంటుంది, కానీ పనితనంలో మొదటిదానికీ చివరిదానికీ పోలికే లేదు. పైగా 2023 నుంచి ఇంటెల్ తన కొత్త ల్యాప్‌టాప్ చిప్‌లకు సెలెరాన్, పెంటియం పేర్లు మానేసి ఉత్త "ఇంటెల్ ప్రాసెసర్" అని పెట్టింది కాబట్టి, స్టిక్కర్ చూసి తెలుసుకోగలిగింది ఇంకా తగ్గిపోయింది. ఇంటెల్‌దే అయిన ఐ3 అన్న పేరు కనిపించగానే సంతోషించడం కూడా తొందరపాటే. ఐ3-ఎన్305లోని ఎనిమిది కోర్లూ కరెంటు ఆదా చేసే చిన్న పొదుపు కోర్లే. ఐ3-1215యూలో మాత్రం వేగంగా పనిచేసే పెద్ద కోర్లు రెండు ఉంటాయి.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎండీ వారి 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్‌ల విషయంలో మూడో అంకెను చూడాలి. రైజెన్ 3 7320యూ పేరులోని 7 అంటే 2023 నమూనా అని అర్థం. మూడో స్థానంలోని 2 మాత్రం దాని లోపలి నిర్మాణం జెన్ 2 అని, అంటే 2019 నాటిదని చెబుతుంది. అయినా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు) ఉన్నందువల్ల చిన్న పనులకు అది మంచి చిప్పే. అదే వరుసలోని అథ్లాన్ సిల్వర్ 7120యూలో కోర్లు రెండే కాబట్టి, ధరలో తేడా కొద్దిగానే ఉంటే దాన్ని వదిలేయమనే నేను చెబుతాను.

గిగాహెర్ట్జ్ అంకెను కూడా అలాగే నమ్మేయకూడదు. ఎన్4020 డబ్బా మీద కనిపించే 2.8 అనేది కొద్దిసేపు మాత్రమే అందుకునే గరిష్ఠ వేగం. దాని అసలు వేగం 1.1. చిప్ వేడెక్కితే గరిష్ఠ వేగం నిలవదు. రోళ్ళు పగిలే రోహిణీ కార్తె ఎండలు ఎరిగిన మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల వరకు ఉండే గదిలో వాడమని సూచిస్తాయి, మే నెలలో మన రేకుల ఇళ్ళలో ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది. ఫ్యాన్ లేని నమూనాలు చప్పుడు చేయవు, దుమ్ము పీల్చవు. కానీ వేడి బయటికి పోయే దారి తక్కువ కనుక మధ్యాహ్నం వేళ అవి నెమ్మదిస్తాయి. ఏసీ లేని ఇంటికైతే ఫ్యాన్ ఉన్నదే తీసుకోవాలి.

ఇక ప్రాసెసర్‌ను మెమరీ, తెర వంటి మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్ సంగతి. 2008లో చిన్న ల్యాప్‌టాప్‌ల కోసం వచ్చిన ఆటమ్ ఎన్270 ప్రాసెసర్ 2.5 వాట్లతోనే నడిచేది, కానీ దానికి జతచేసిన 945జీఎస్ఈ చిప్‌సెట్ అంతకంటే ఎక్కువ కరెంటు తినేది. ఎద్దు కన్నా కాడి బరువన్నమాట. 2010లో గ్రాఫిక్స్, మెమరీ నియంత్రణ ప్రాసెసర్‌లోకే చేరాయి. ఇప్పటి ఎన్ వరుసలో చిప్‌సెట్ పనులన్నీ ఒకే చిప్‌లో ఇమిడి ఉన్నాయి. అందువల్ల ఆ చిప్‌కు ఉన్న హద్దులే మొత్తం యంత్రానికి హద్దులవుతాయి. ఇంటెల్ లెక్క ప్రకారం ఎన్4020కి 8 జీబీ, ఎన్100కి 16 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) గరిష్ఠం. ర్యామ్ తరువాత మార్చలేకుండా బోర్డుకే సోల్డర్ చేసి (అతికించి) ఉందా, విడిగా స్లాట్ ఉందా అని తప్పక అడగాలి. 7320యూ యంత్రాల్లో అది ఎప్పుడూ సోల్డర్ చేసే ఉంటుంది కాబట్టి, కొనేటప్పుడే 8 జీబీది తీసుకోవాలి. ఫైళ్ళ నిల్వకు నెమ్మదిగా పనిచేసే చౌక రకం ఈఎంఎంసీ కాకుండా, వేగమైన ఎస్ఎస్‌డీ ఉండాలి. కావలిలోని మా బంధువులు 64 జీబీ ఈఎంఎంసీ ఉన్నది కొని, మొదటి పెద్ద విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలక ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తరలించాల్సి వచ్చింది.

ఫోన్లలో వాడే ఏఆర్ఎమ్ రకం చిప్‌లతో, అంటే మీడియాటెక్ వంటి కంపెనీలవాటితో వచ్చే చౌక యంత్రాలూ ఉన్నాయి. 2023లో 16,499 రూపాయలకు వచ్చిన జియోబుక్ అటువంటిదే. బ్రౌజర్‌తో సరిపెట్టుకునేవారికి ఇవి పనికొస్తాయి, టాలీ కావలసినవారికి పనికిరావు.

పాత యంత్రం కొనేవారు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిందని గుర్తుంచుకోవాలి. విండోస్ 11కు అనుమతి ఉన్న జాబితాలో ఎన్4020 ఉంది, దానికంటే పాతదైన ఎన్3350 లేదు.

చివరగా దుకాణంలోనే పరీక్షించాలి. చార్జర్ తీసేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని పెర్ఫార్మెన్స్ భాగంలో ప్రాసెసర్ పూర్తి పేరు, అసలు వేగం, ర్యామ్ స్లాట్ల వివరాలు ఉంటాయి. బ్రౌజర్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిచి, యూట్యూబ్‌లో 1080పీ వీడియోను అరగంట నడిపి, వేగం ఎంతకు పడిపోతుందో గమనించాలి. బ్యాటరీ వాట్-అవర్లను యంత్రం మొత్తం సగటున వాడే వాట్లతో భాగిస్తే గంటలు తెలుస్తాయి: 38 వాట్-అవర్ల బ్యాటరీతో 7 వాట్లు వాడితే దాదాపు ఐదున్నర గంటలు. చిప్ మీది 6 వాట్లలో తెర ఖర్చు కలవదు కాబట్టి, ఆ అంకెతో మాత్రం లెక్క వేయకూడదు. అన్నీ నచ్చితే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ వివరాలను బిల్లు మీద రాయించుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి.