పిల్లలను వాగుల దగ్గరికి, అడవికి తీసుకెళ్తున్నారా? "భయమైతుంది" అంటే ఆగండి

పోయిన ఆదివారం మా ఊరి చెరువు మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కట్ట) దగ్గర ఏడో తరగతి పిల్లవాడు జారిపడ్డాడు. చేపలు పడుతున్న ఒకాయన చొక్కా పట్టి లాగాడు కాబట్టి బతికాడు. దిగే ముందు వాడు రెండుసార్లు "నాకు భయమైతుంది" అన్నాడు. "మొగపిలగానివి, గిన్ని నీళ్లకే భయమా?" అని నవ్వింది సొంత మేనమామలే.

ఈత రానివాళ్లు నీళ్లలో దిగొద్దని మీకు తెలుసు. అది మళ్లీ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: భయపడిన పిల్లను చూసి నవ్వొద్దు. పద్నాలుగేళ్లుగా బడి పిల్లలను పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల దగ్గరికి తీసుకెళ్తున్నాను. పాచి పట్టిన బండను, పెరుగుతున్న నీటి చప్పుడును మాకంటే ముందు పసిగట్టింది చాలాసార్లు వెనక నిలబడ్డ పిరికి పిల్లలే. వాళ్లను నోరు మూయించామంటే మన కళ్లు మనమే మూసుకున్నట్టు.

బయలుదేరే ముందు

"ఎవరికి భయమేసినా చెయ్యెత్తండి, కారణం చెప్పక్కర్లేదు, అందరం ఆగుతాం" అని బస్సులోనే చెప్పండి. మొదట చెయ్యెత్తిన పిల్లను మెచ్చుకోండి. అక్కడ ఒక్కరు నవ్వినా మిగతా ముప్పై మంది ఆ రోజంతా నోరు విప్పరు. పిల్లలు మన ఉపన్యాసం కన్నా మన మొహం చూసి ఎక్కువ నేర్చుకుంటారు.

వాన కబురు మీరు వెళ్లే చోటిది మాత్రమే చూస్తే సరిపోదు, ఎగువది కూడా చూడాలి. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది తిరుగు దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్లు వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. ఆ వానల్లోనే అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు సాయంత్రం అలాగే ఉంటుందని అనుకోవద్దు.

నీళ్ల దగ్గర

మునిగేవాడు సినిమాలో లాగా అరవడు. ఊపిరి అందక మాట రాదు, చేతులు ఊపడానికి కుదరదు. చప్పుడు లేకుండా పోతాడు. అందుకే ఒక పెద్దమనిషి ఫోన్ పక్కన పెట్టి పిల్లలనే చూస్తూ ఉండాలి. ఇంకో మాట: కదలకుండా బిగుసుకుని నిలబడ్డ పిల్ల ధైర్యంగా ఉందని అనుకోకండి. బాగా భయపడితే కాళ్లు కదలవు, పెద్ద వాక్యాలు చెవికెక్కవు. దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకొని, "నన్ను చూడు, ఇటు అడుగెయ్" అనండి. అరవకండి. నవ్వకండి.

ఇక మిగతావి.

మత్తడి దుంకుతుంటే దాని మీద నడవొద్దు.

లోలెవల్ బ్రిడ్జి మీద నీళ్లు పారుతుంటే బస్సు ఆపేయండి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి. డ్రైవర్ "ఏంగాదు సార్" అన్నా సరే.

ఉరుము వినబడితే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే. చెట్టు కిందికి కాదు, బస్సులోకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పిల్లను నడిపించొద్దు. 108కి ఫోన్ చేయండి. మంత్రం వేసేవాళ్ల దగ్గరికి పోయి గంట పోగొట్టుకోవద్దు.

సెల్ఫీ కోసం బండ ఎక్కించొద్దు.

అటవీ శాఖ తాడు కట్టిన చోట తాడు ఇవతలే.

"వద్దు సార్" అన్న పిల్లను తోయొద్దు, ఎత్తుకొని దించొద్దు, పందెం కట్టొద్దు.

ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టండి, దిగాక మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కరు తగ్గినా బస్సు కదలొద్దు.

మత్తడి దగ్గర జారిన మా పిల్లవాడు ఇప్పుడు బకెట్ నీళ్లు చూసినా వణుకుతున్నాడు. వాడే చెప్పుకునేదాకా ఆగండి, చెప్పినప్పుడు వినండి. దావతుల్లో వాడి ముందు ఆ కథ చెప్పి నలుగురిని నవ్వించొద్దు.